ఊరి వెయిట్‌లిఫ్టర్లకు మెషీన్లు కాదు, చెక్క నేల కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. జిల్లా స్థాయి పోటీల వార్తలకు మీ పేజీల్లో చోటిస్తున్నందుకు సంతోషం. అయితే ఆ వార్తల్లో వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్ రెండూ ఒకటే ఆట అన్నట్టు కలిసిపోతున్నాయి. పవర్‌లిఫ్టింగ్‌లోని డెడ్‌లిఫ్ట్ చేస్తున్న అమ్మాయి ఫొటో వేసి, కింద ‘మరో కరణం మల్లీశ్వరి’ అని రాస్తారు. ఇది పేరు దగ్గర దొర్లిన పొరపాటే అయితే ఇంత ఉత్తరం అక్కర్లేదు. ఇదే తికమక పరికరాలు కొనే బల్లల దాకా వెళ్తోంది. బార్, ప్లేట్లు కావాలని పిల్లలు అడిగితే కేబుల్ మెషీన్లు, ట్రెడ్‌మిల్లులు వచ్చి మూల కూర్చుంటున్నాయి.

పవర్‌లిఫ్టింగ్‌లో మూడుంటాయి: భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్, బల్ల మీద పడుకుని బార్‌ను పైకి నెట్టే బెంచ్ ప్రెస్, నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా నిలబడే డెడ్‌లిఫ్ట్. అంతర్జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది, ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇప్పుడున్నవి రెండే: నేల మీది బార్‌ను ఒక్క ఊపున తలపైకి తీసుకెళ్లే స్నాచ్, ముందు భుజాలకు తెచ్చి (క్లీన్) అక్కడి నుంచి పైకి నెట్టే (జెర్క్) క్లీన్ అండ్ జెర్క్. పవర్‌లిఫ్టింగ్ నిండా బలం. వెయిట్‌లిఫ్టింగ్‌లో బలంతో పాటు వేగం, భుజాల కదలిక, బార్ కిందికి దూరే ధైర్యం కావాలి. రెండూ గొప్ప ఆటలే, ఒకదాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒకదానికి పనికొచ్చే సరంజామా రెండోదానికి సరిపోదు. వెయిట్‌లిఫ్టింగ్ బార్ చివర్లలో ప్లేట్లు ఎక్కించే గొట్టాలు తేలిగ్గా తిరగాలి. అవి బిగుసుకుపోయిన జిమ్ బార్‌తో క్లీన్ చేస్తే మోచేతులు ముందుకు తిరుగుతున్నప్పుడు ప్లేట్లు తిరగవు, ఆ మెలిక మొత్తం మణికట్టు మీద పడుతుంది.

మన కోస్తాలో ఈ ఆట పుట్టింది మెషీన్ల మధ్య కాదు, తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో. వీరఘట్టం వాడైన కోడి రామమూర్తి నాయుడు గారు పోటీ లిఫ్టర్ కాదు, బలప్రదర్శనలు చేసిన మల్లయోధుడు. విజయనగరంలో ఆయన నడిపిన వ్యాయామశాల మాత్రం ఒళ్లు పెంచడం ఒక చదువని ఉత్తరాంధ్రకు నేర్పింది. కృష్ణా జిల్లా నుంచి దండమూడి రాజగోపాలరావు గారు 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన కాలంలో, కాళ్ల ఊపు లేకుండా భుజాల నుంచి చేతులతోనే బార్‌ను పైకి నెట్టే ప్రెస్ అనే మూడో ఎత్తు కూడా ఉండేది. వెనక్కి ఎంత వంగితే తప్పో న్యాయనిర్ణేతలు తేల్చలేకపోవడంతో 1972 మ్యూనిక్ తర్వాత దాన్ని తీసేశారు. అందుకే ఆనాటి మూడెత్తుల మొత్తాలను ఈనాటి రెండెత్తుల మొత్తాల పక్కన పెట్టి రికార్డు బద్దలైందని రాయకూడదు. లిఫ్టర్ల శరీర బరువును బట్టి పెట్టే విభాగాలూ అంతే. 1993లో, 1998లో, 2018లో, మళ్లీ 2025లో మారాయి. 54 కిలోల విభాగం రికార్డును 53 కిలోల రికార్డుతో పోల్చలేం.

మల్లీశ్వరి గారి విషయంలో ఈ విభాగాల సంగతి తెలియకపోతే ఆమె చేసిందేమిటో సగమే అర్థమవుతుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర నేర్చుకుని, 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. 1996 ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. తొలిసారి పెట్టింది 2000 సిడ్నీలో. అప్పటికి ఆమె 69 కిలోల విభాగంలో ఉన్నారు, అంటే పూర్తిగా వేరే ప్రత్యర్థులు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. అప్పట్లో బార్ మీద బరువు రెండున్నర కిలోల చొప్పునే పెరిగేది, మొత్తం సమానమైతే శరీర బరువు తక్కువున్నవాళ్లు ముందుండేవాళ్లు. చివరి ప్రయత్నంలో 132.5 పెట్టించుకుంటే సమానం. 137.5 ఎత్తితే 247.5తో తిరుగులేని స్వర్ణం. బార్ మీద పెట్టింది 137.5. అది లేవలేదు, కాంస్యం దక్కింది. ఆ నిర్ణయం మీద ఇన్నేళ్లుగా చర్చ నడుస్తూనే ఉంది. 110 స్నాచ్, 130 జెర్క్ అని విడివిడిగా తెలియని పాఠకుడికి ఆ చర్చే అందదు. అందుకే జిల్లా పోటీ వార్తలో కూడా విభాగం, స్నాచ్, జెర్క్, మొత్తం నాలుగూ వేయమని అడుగుతున్నాను. నాలుగు అంకెలకు పట్టే చోటు అరలైను.

ఆ పరంపర ఆమెతో ఆగలేదు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. స్వర్ణం వచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరకడంతో అది రజతమైంది. (జిమ్ముల్లో డబ్బాల మీద డబ్బాలు అమ్ముతున్న పొడుల గురించి తల్లిదండ్రులు ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. పొడి ఎవరిచ్చినా, ఒంట్లో నిషిద్ధ పదార్థం దొరికితే బాధ్యత క్రీడాకారుడిదే.) స్టువర్టుపురం నుంచి రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187, మొత్తం 338తో స్వర్ణం తెచ్చారు. ఒక జాతి మొత్తం మీద నేరముద్ర వేసి బ్రిటిష్ ప్రభుత్వం కూర్చోబెట్టిన ఊరది. ఆ ఊరి పేరు రాసినప్పుడల్లా పాత దొంగల కథలు తవ్వే అలవాటు పత్రికలు ఇకనైనా మానుకోవాలి.

ఇక నేల సంగతి. సిమెంటు గచ్చు మీద బార్ పడేస్తే ప్లేట్లు పగులుతాయి, గచ్చు గుంటలు పడుతుంది, బార్ వంగుతుంది. దానికి భయపడి పిల్లలు బరువును చేతులతో మెల్లగా దించుతారు. నడుము నొప్పులు మొదలయ్యేది అక్కడే. పోటీ ప్లాట్‌ఫాం నాలుగు మీటర్ల చదరం. సాధనకు ఎనిమిదడుగుల చదరం చాలు. ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల ప్లైవుడ్ షీట్లు 18 మిల్లీమీటర్ల మందంవి అయిదు తీసుకోవాలి. కింద రెండు పక్కపక్కన పరిచి, వాటిపైన రెండు అడ్డంగా వేయాలి, అతుకు మీద అతుకు రాకూడదు. మూడో పొరలో మధ్యన ఒక షీటు, దానికి అటూ ఇటూ రెండేసి అడుగుల వెడల్పున రబ్బరు. రబ్బరు మందం మధ్య ప్లైవుడ్ మందంతో సమానంగా ఉండాలి. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా జెర్క్‌లో పాదం అంచుకు తగులుతుంది. స్క్రూల తలలు చెక్క లోపలికి దిగాలి. దీన్ని ఏ ఊరి వడ్రంగి అయినా ఒక్క రోజులో వేస్తాడు.

చెక్క నేలతో ఇంకో లాభం ఉంది. పాదాల ముందు సుద్దగీత గీసి స్నాచ్ చేయించి, పాదాలు ఎక్కడ దిగాయో చూడాలి. గీత దాటి ముందుకు దిగితే బార్ ఒంటికి దూరంగా పోయినట్టు. నడుము పూర్తిగా నిక్కక ముందే చేతులతో లాగడం దానికి మామూలుగా కారణం. వీడియో తీసే ఫోన్ లేకపోయినా ఆ గీత చెప్పేస్తుంది.

కొత్తగా చేరిన పిల్లలకు చిన్న ఇనుప ప్లేట్లు వేస్తుంటారు. పోటీ ప్లేటు అడ్డకొలత 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న ప్లేట్లతో ఆ ఎత్తు సగానికి పడిపోతుంది, పిల్లవాడు వీపు గుండ్రంగా వంచి ఎత్తడం నేర్చుకుంటాడు. తర్వాత దాన్ని మాన్పించడం మహా కష్టం. ప్లైవుడ్‌తోనే 45 సెంటీమీటర్ల చక్రాలు కోసి, మధ్యలో 50 మిల్లీమీటర్ల కంటే కొంచెం పెద్ద రంధ్రం పెట్టి, రెండేసి పొరలు అతికిస్తే ఒక్కోటి సుమారు మూడున్నర కిలోలు తూగుతుంది. తలపై నుంచి వదిలేయడానికి అవి పనికిరావు, నేర్చుకోవడానికి చాలు.

ఆడపిల్లలకు 15 కిలోల బార్ విడిగా కొనాలి. దాని మందం 25 మిల్లీమీటర్లు, మగవాళ్ల 20 కిలోల బార్‌ది 28. బొటనవేలు లోపల పెట్టి మిగతా వేళ్లు దాని మీద బిగించే పట్టు చిన్న చేతికి 28 మీద సరిగా కుదరదు. మన సముద్రపు గాలికి బార్ త్వరగా తుప్పు పడుతుంది. వారానికోసారి నైలాన్ బ్రష్‌తో సుద్ద దులిపి, సన్నని మెషీన్ ఆయిల్ రాసి తుడిచేయాలి. నేల మీద దొర్లిస్తే ఎగిరెగిరి పడే బార్ వంగినట్టే, దాన్ని సాధనలోంచి తీసేయాలి.

కోరేది రెండే. మీ విలేకరులు ఆట పేరు సరిగ్గా వేసి, ఆ నాలుగు అంకెలు ఇవ్వాలి. క్రీడాధికారులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లిఫ్టర్లు ఇప్పటికే సాధన చేస్తున్న ఊళ్ల పట్టిక తయారు చేసి, వచ్చే కొనుగోలులో మెషీన్లు పక్కన పెట్టి, ఊరికో చెక్క ప్లాట్‌ఫాం, 15 కిలోల బార్ ఒకటి, 20 కిలోల బార్ ఒకటి, పూర్తి కొలత రబ్బరు ప్లేట్ల సెట్టు ఇవ్వాలి. ఆ పట్టికను మీ జిల్లా పేజీలో అచ్చువేస్తే, ఏ ఊరికి ఏమి చేరిందో జనమే చూసుకుంటారు.

ఇట్లు,
ఒక వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకుడు,
శ్రీకాకుళం జిల్లా