నీళ్లు సచ్చిపోనాయి సార్

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్‌లో "బ్లెండెడ్ లెర్నింగ్ అంటే సగం వీడియోలు, సగం క్లాసు, అంతేగా?" అన్నావు. అప్పటికి మా కంపెనీ బస్సు హనుమంతవాక దగ్గర ఇరుక్కుపోయి ఉంది. హారన్ల గోలలో "ఆఁ, అంతే అంతే" అని పెట్టేశాను. అంతే కాదురా. నేనూ అలాగే అనుకుని బోర్లా పడ్డవాణ్నే. నెల్లూరులో ఆ ట్రైనింగ్ పని నీ నెత్తిన పెట్టారని విన్నాక, ఉన్నదున్నట్టు చెబుదామని కూర్చున్నాను. ఇంట్లోవాళ్లు సింహాచలం వెళ్లారు, సాయంత్రం దాకా రారు. కాబట్టి పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదువు.

మా ప్లాంటు పని నీకు పైపైనే తెలుసు. చెరువుల నుంచి వనామి రొయ్య వస్తుంది. తల తీస్తారు, పొట్టు వలుస్తారు, కౌంట్ (తూకానికి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ప్రకారం గ్రేడ్ చేస్తారు, గడ్డకట్టించి ఎగుమతి చేస్తారు. లైన్ మీద ముప్పాతిక మంది ఆడవాళ్లే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వస్తారు. అమెరికాకి సరుకు పంపాలంటే హెచ్‌ఏసీసీపీ పద్ధతి పాటించి తీరాలి. అక్కడి ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు చూసే ప్రభుత్వ సంస్థ) 1995లో ఆ రూలు రాసి, 1997 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. పేరు భయంకరంగా ఉంటుంది గానీ సంగతి చిన్నదే: సరుకు పాడయ్యాక పట్టుకోవడం కాదు, ఎక్కడ పాడయ్యే వీలుందో ముందే కనిపెట్టి, అక్కడ కొలిచి, కొలిచింది రాసిపెట్టడం. ఆ కొలిచేది, రాసేది మా లైన్ సూపర్‌వైజర్లు. మొత్తం ఇరవైనాలుగు మంది. వాళ్లకే నా వర్క్‌షాప్.

పోయిన ఏడాది మొదటిసారి ఏం చేశానో విను. బయటి నుంచి పదకొండు వీడియోలు కొన్నాం. అందులో ఒకమ్మాయి చక్కగా చీర కట్టుకుని "హస్త పరిశుభ్రత యొక్క ఆవశ్యకత" అంటూ మొదలెడుతుంది. చెయ్యి కడుక్కోవడానికి అంత పేరు పెట్టాక ఎవడు కడుక్కుంటాడు? అది నాకు అప్పుడు తట్టలేదు. అప్పటికి నా బుర్ర నిండా ఇంకో సంగతి ఉంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో బెర్గ్‌మన్, శామ్స్ అని ఇద్దరు టీచర్లు 2007లో క్లాసుకి రాలేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేసిపెట్టారు. తర్వాత అదే తిరగేసి, పాఠం ఇంట్లో వినండి, లెక్కలు క్లాసులో చేద్దాం అన్నారు. ఇద్దరూ కెమిస్ట్రీ మాస్టార్లే, మనవాళ్లే! ఇంకేం, మనమూ తిప్పేద్దాం అనుకున్నాను. వీడియోలు ఇంట్లో చూసి రమ్మన్నాను. తర్వాత ఒక రోజంతా క్లాసు.

కంప్యూటర్‌లో చూస్తే ఇరవైరెండు మంది పూర్తి చేసినట్టు పచ్చగా టిక్కులు. మేనేజర్‌కి స్క్రీన్‌షాట్ కూడా పంపాను, ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. తీరా క్లాసులో మొదటి ప్రశ్న అడిగితే ఒక్కరు నోరు విప్పలేదు. టీ టైములో ఒక పెద్దావిడ పక్కకి పిలిచి నిజం చెప్పేసింది. "ఫోన్లు మాకాడ ఎక్కడుంటాయి సార్, మా గుంటడి కాడుంటాది. ఆడే మా బస్సోల్లందరివీ నొక్కేసినాడు, ఫోనుకి పది రూపాయలు తీసుకుని."

నవ్వొచ్చిందా? నాకు ఆ రోజు రాలేదు. తర్వాత ఆలోచిస్తే తప్పు ఆ కుర్రాడిది కాదు. ఆరింటి షిఫ్టుకి తెల్లవారకముందే లేచే మనిషి ఇంటికెళ్లి, వంట చేసి, పదకొండు వీడియోలు ఎప్పుడు చూస్తుంది? ప్రాసెసింగ్ హాల్లోకి ఫోన్, గాజులు, ఉంగరం ఏవీ తేకూడదని రూలు పెట్టింది మేమే. అంటే పని దగ్గర ఫోన్ లేదు, ఇంటి దగ్గర టైము లేదు. నేనేమో ట్రైనింగ్ మొత్తం ఫోన్ మీద కట్టాను. చివరికి ఆ రోజు అవే వీడియోలు తెర మీద మళ్లీ వేశాను. సమోసాలు బావున్నాయి గనక ఫీడ్‌బ్యాక్ ఫారాల నిండా "చాలా బాగుంది" అని వచ్చింది.

రెండోసారికి ముందు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, పది రోజులు ల్యాప్‌టాప్ మూసేసి గంబూట్లు వేసుకుని లైన్ మీద నిలబడటం. ఏం నేర్పాలి అని కాదు, ఏం తప్పు జరుగుతోంది అని రాసుకున్నాను. పెద్ద జాబితా వస్తుందనుకుంటే మూడే తేలాయి. చేతులు ముంచే క్లోరిన్ నీళ్లు టైముకి మార్చడం లేదు. థర్మామీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో ఎవరూ సరిచూడటం లేదు. మూడోది, గంట గంటకీ రాయాల్సిన టెంపరేచర్ లాగ్‌ని షిఫ్టు చివర్లో ఒకేసారి రాసేస్తున్నారు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, అన్నీ 3.5, 3.8, 3.6. రొయ్య 4 డిగ్రీలు దాటకూడదన్నది మా పరిమితి మరి.

ఇది చూసి కోపం వచ్చింది గానీ, వెంటనే మన ఎమ్మెస్సీ ల్యాబ్ గుర్తొచ్చింది. జవాబు ముందు రాసుకుని బ్యూరెట్ (ద్రవం కొలిచే గాజు గొట్టం) రీడింగులు వెనక నుంచి లెక్కగట్టిన మహానుభావులం మనం కాదూ? రికార్డు మీద సంతకం కూడా పడింది. రీడింగ్ తప్పొస్తే చీవాట్లు, సరిగ్గా ఉంటే మార్కులు అన్నప్పుడు ఎవడైనా అదే చేస్తాడు. దీనికి వీడియో మందు కాదని అక్కడే అర్థమైంది.

అప్పుడు ఒక కాగితం మీద మూడు గడులు గీశాను. మనిషి ఒంటరిగా నేర్చుకోగలిగేది ఒకటి, నలుగురు కూడితేనే తెలిసేది ఒకటి, పని దగ్గర చెయ్యి పెడితేనే వచ్చేది ఒకటి. నేర్పాల్సిన ప్రతి ముక్కనీ ఏదో ఒక గడిలోకి తోశాను. మూడిట్లో ఎక్కడా ఇమడనిది తీసి పారేశాను. బ్యాక్టీరియా లాటిన్ పేర్లు అలాగే పోయాయి, మా క్యూసీ (నాణ్యత చూసే) కుర్రాడు రెండ్రోజులు అలిగాడు. నాకు తెలిసిన బ్లెండెడ్ అంటే ఈ కాగితమేరా. వీడియో ఎంత, క్లాసు ఎంత అనే లెక్క ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

క్లోరిన్ సంగతి చెప్తాను, అది బాగా పండింది. ఈసారి ముందు వీడియో లేదు, ఉపన్యాసమూ లేదు. పన్నెండు మందిని ఒక బ్యాచ్‌గా చేసి నేరుగా చేతులు కడిగే చోటికి తీసుకెళ్లాను. రెండు బేసిన్లు. రెండిట్లోనూ 20 పీపీఎం (పది లక్షల పాళ్లకి ఇరవై పాళ్లు) క్లోరిన్ నీళ్లు, స్ట్రిప్ (క్లోరిన్ ఉంటే రంగు మారే కాగితం ముక్క) ముంచితే ఒకే రంగు. ఒకటి అలాగే ఉంచాం. రెండోదాంట్లో రొయ్యలు వలిచిన చేతులు వరసగా ముంచమన్నాను. కాసేపయ్యాక చూస్తే రెండు బేసిన్లలో నీళ్లూ ఒకేలా ఉన్నాయి, కంటికి తేడా లేదు. మళ్లీ స్ట్రిప్పులు ముంచాం. మొదటిది రంగు తిరిగింది. రెండోది తెల్లగా అలాగే ఉండిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనక నుంచి అదే పెద్దావిడ, "ఓలమ్మ, నీళ్లు సచ్చిపోనాయి సార్!" అంది.

చేతుల మీది మాంసపు తడి, జిగురు క్లోరిన్‌ని తినేస్తాయి అనడానికి నేను కెమిస్ట్రీలో ఎన్ని మాటలు వాడేవాణ్నో. ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. ఇప్పుడు ప్లాంటంతా అదే మాట. "నీళ్లు బతికున్నాయా?" అని అడిగి మరీ స్ట్రిప్ ముంచుతున్నారు.

వీడియో ఆ తర్వాత వచ్చింది. పెద్దావిడే మాట్లాడుతూ, స్ట్రిప్ ముంచి చూపిస్తూ, ఒక నిమిషం నలభై సెకన్లు. బ్రేక్ టైములో, అనుమతి తీసుకుని, నా ఫోన్‌తోనే తీశాను. థర్మామీటర్‌కీ అలాగే: నలగ్గొట్టిన ఐసు, కొంచెం నీళ్లు కలిపి అందులో పెడితే సున్నా చూపించాలి, చూపించకపోతే ఆ థర్మామీటర్‌ని పక్కన పెట్టు. అది ఇంకో కుర్రాడు చెప్పాడు, మధ్యలో దగ్గాడు, ఆ దగ్గు కూడా ఉంచేశాను. వీటిని వాట్సాప్‌లో పెడితే చూశారు, ఎందుకంటే అందులో ఉన్నది మనవాళ్లు. ఒకరైతే ఊళ్లో చుట్టాలకి కూడా పంపుకున్నారట, "మా అత్త టీవీలో పడింది" అని.

రెండు పూటల వర్క్‌షాప్‌ని ఒకేసారి పెట్టలేదు, మధ్యలో వారం గ్యాప్. ఇది చాదస్తం కాదు. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. మర్చిపోవడం మొదట్లోనే దబదబా జరిగిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి రోజంతా కుక్కి వదిలేస్తే వాళ్లు ఇంటికెళ్లేది ఖాళీ డబ్బాతోనే. 2006లో రోడిగర్, కార్పికె అని ఇద్దరు ఇంకో తమాషా చూపించారు. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, మళ్లీ చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అందుకని నేను వీడియో రెండోసారి పంపను. వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టి "ఇందులో తప్పేంటి?" అని అడుగుతాను. రెండో రోజు ఒకటి, వారానికి ఒకటి, మూడో వారంలో ఒకటి. జవాబు టైపు చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. వాయిస్ మెసేజ్ పెట్టమంటే మాత్రం ఆపలేం, వెనక కుక్కర్ విజిళ్లతో సహా వస్తాయి.

బస్సులో ఆడియో పాఠాలు కూడా పెట్టి చూశాను. ఆనందపురం దాకా బోలెడు టైముంది కదా, స్పీకర్లున్నాయి కదా అని మహా ఐడియా. మూడో రోజుకే డ్రైవర్ పాటలు పెట్టేశాడు, అందరూ చప్పట్లు. వాళ్లదే న్యాయం, ఆ గంటే వాళ్ల సొంతం. మానేశాను.

ఇక మేనేజర్ గొడవ. ఆయనకి కావాల్సింది ఫీడ్‌బ్యాక్ ఫారాల సగటు. కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, చేస్తే సంస్థకి ఏమైనా ఒరిగిందా. సమోసాలతో మొదటి మెట్టు ఎవడైనా ఎక్కేస్తాడు. నేను మూడో మెట్టు చూస్తానన్నాను. నెల తర్వాత చెప్పకుండా లైన్ మీదకి వెళ్లి స్ట్రిప్పులు ముంచాను. క్లోరిన్ బావుంది, మునుపటితో పోలికే లేదు. ఒక్క రాత్రి షిఫ్టులో మాత్రం ఇంకా పాత పాటే.

లాగ్ పుస్తకం తెరిస్తే మాత్రం గుండె ఝల్లుమంది. 4.9, 5.2, ఒకచోట 6. మునుపు ఇలాంటి అంకె ఒక్కటి ఉండేది కాదు! మేనేజర్ పుస్తకం బల్ల మీద పడేసి "ఇదేనా నీ ట్రైనింగ్? ముందే నయం" అన్నాడు. నేనన్నాను, సార్, మొన్నటిదాకా రొయ్య ఇంతే వేడిగా ఉంది, పుస్తకమే చల్లగా ఉండేది. ఇప్పుడు నిజంగా కొలిచి, ఏ టైముకి కొలిచారో ఆ టైముకి రాస్తున్నారు అని. రెండో పూట వర్క్‌షాప్‌లో చేసింది అదొక్కటే మరి. పాత లాగ్ పేజీలు పేర్లు కొట్టేసి బల్ల మీద పెట్టి, "ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే చెప్పండి" అన్నాను. ముందు నా ల్యాబ్ రికార్డు కథ నేనే ఒప్పుకున్నాను (నీ పేరు చెప్పలేదులే). ఆ తర్వాత వాళ్లు నోరు తెరిచారు. మధ్యాహ్నం రెండు తర్వాత ఐసు సరిపోదు సార్, రాస్తే మమ్మల్నే తిడతారు, అందుకే రాయం అన్నారు. ఇది ఏ వీడియోలో చెబుతారు? పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటేనే బయటికొచ్చే మాట ఇది.

అంకెలన్నీ ఒక గ్రాఫ్ గీసి చూపిస్తే, పెరిగినవన్నీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల లోపలే ఉన్నాయి, వాళ్లు చెప్పినట్టే. మేనేజర్ చాలాసేపు చూశాడు. ఐసు కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నాడు. ఇంకా మాట్లాడలేదు. గురువారం మళ్లీ గుర్తు చెయ్యాలి.

నీ విషయానికొస్తే, సాఫ్ట్‌వేర్ కొనమని ఎవడైనా వస్తే నెలాఖరుకి రమ్మను. ముందు వారం రోజులు షాప్‌ఫ్లోర్ మీద నిలబడు. నీ దగ్గర అందరికీ ఫోన్లుంటాయి, మా కష్టం నీకుండదు, కానీ ఎవరి ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో అడుగు. షిఫ్టు దిగినవాళ్లకి క్లాసు పెట్టకు, కళ్లు తెరుచుకునే నిద్రపోతారు. పాఠాలకి గొంతు కావాలంటే మీ లైన్‌లోనే వెతుకు.

చూసి రాసుకున్న తప్పులు ఏవైనా సరే, ఒక కాగితం మీద ఫొటో తీసి పంపు. గడుల్లోకి తోయడం ఇద్దరం కలిసి చేద్దాం. దసరా సెలవులకి వస్తావుగా, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ చేద్దాం, డబ్బులు నీవి. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, ప్రసాదం వచ్చినట్టుంది. ఉంటాను.

నీ బ్యూరెట్ పార్ట్‌నర్