పడిన చెట్టునల్లా ఊడ్చేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

గాలివాన వెలిసిన మర్నాడే రంపాలతో వచ్చి దారికడ్డంగా పడ్డ చెట్లు తీసేయడం సబబే. బస్సులు తిరగాలి, కరెంటు రావాలి. కానీ పార్కుల మూలల్లో, కొండవాలుల్లో ఎవరికీ అడ్డంలేని దుంగల్ని కూడా పుల్ల మిగలకుండా ఎత్తుకుపోవడం దేనికి?

నేను కలప అడితిలో గుమస్తాగా చేసి రిటైరయినవాణ్ని. పురుగు పట్టిన దుంగకు ధర తగ్గించడమే మా పని, కాబట్టి పురుగుల మీద నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. అయితే పచ్చి మానును తొలిచేది వేరు, ఎండిన కలపను పిండి చేసేది వేరు, చివికిన మొద్దులోనే బతికేది వేరు. ఈ మూడోది మీ ఇంటి తలుపు జోలికి రాదు, రమ్మన్నా రాదు. దానికి కావాల్సింది బూజుపట్టి, తడి నిలిచి, చేత్తో నలిపితే పొడయ్యే చెక్క.

యూరప్‌లో స్టాగ్ బీటిల్ అని కొమ్ముల పెంకుపురుగు ఉంది. దాని పిల్లపురుగు మట్టిలో పూడిన పుచ్చు కలప తింటూ మూడేళ్లకు పైనే గడుపుతుంది. రెక్కలొచ్చాక దాని బతుకు ఒక్క వేసవే. ఈలోగా మొద్దు పెకలిస్తే దాని వంశం అక్కడితో సరి. ఇలా పుచ్చు కలపను నమ్ముకున్న దాదాపు 700 రకాల పెంకుపురుగుల్ని అక్కడ 2018లో లెక్కగడితే, 18 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. అలాంటి లెక్క మన విశాఖ కంబాలకొండ అడవిలోనూ, సింహాచలం కొండల్లోనూ కట్టించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి ఊరి నీడంతా ఒక్కపూటలో నేలకూలింది. పనికొచ్చిన కలప అడితులకు చేరింది, మిగతాది పొయ్యిల్లోకి పోయింది.

కొబ్బరి మొద్దుల సంగతి మాత్రం వేరు. వాటిలో పెరిగిన కొమ్ముపురుగు బతికున్న కొబ్బరిచెట్ల మొవ్వు తొలిచేస్తుంది, అవి తీసేయాల్సిందే. వేప, చింత, నిద్రగన్నేరు మొద్దులైతే పార్కుకు రెండు మూడు, నీడపట్టున, నేలకు ఆనేలా వదిలేయండి. పాముల భయం ఉంటుంది గనక పిల్లలాడే చోటికీ, నడకదారికీ ఎడంగా ఉంచండి. చెదలంటారా, మొద్దు ఉన్నా లేకున్నా అవి మన నేలలో ఉన్నవే. వడ్రంగిపిట్టకు తిండి దొరుకుతుంది, అది అదనం.

పక్కన బోర్డు లేకపోతే వారం తిరక్కుండా ఎవరో ఒకరు వంటచెరుకుకు పట్టుకుపోతారు. మా వార్డు పార్కులో మొదటి మొద్దుకు బోర్డు రాయించే ఖర్చు నాది.

– విశ్రాంత అడితి గుమస్తా, ఆరిలోవ, విశాఖపట్నం