అమ్మా, ఆలస్యానికి కారణం ఇదీ

డల్లాస్,
ఆగస్టు 2025

అమ్మా,

"నన్ను అమెరికాకి పిలిపించుకోవడం నీకు ఇష్టం లేదేమో" అన్నావు నిన్న. ఫోన్‌లో జవాబు చెప్పడానికి సిగ్గేసింది. అందుకే రాస్తున్నాను.

2023లో నీ అల్లుడి ఉద్యోగం పోయాక ఇల్లు నా కాంట్రాక్ట్ పని మీదే నడిచింది. జీతమైతే ట్యాక్స్ ముందే కోసుకుని ఇస్తారు. కాంట్రాక్ట్‌లో ఎవరూ కోయరు, ఏడాదికి నాలుగుసార్లు మనమే కట్టుకోవాలి. నేను కట్టలేదు. వచ్చింది వచ్చినట్టు అద్దెకీ పాప ఖర్చులకీ సరిపోయింది. మరుసటి ఏప్రిల్‌లో లెక్క చూస్తే 14,000 డాలర్లు! భయమేసి రిటర్నే (ఏడాది ఆదాయం, ట్యాక్స్ లెక్క చూపే ఫారం) వేయకుండా కాగితాలు సొరుగులో పడేశాను. చేసిన తెలివితక్కువ పని అదే. రిటర్న్ వేసి డబ్బు కట్టకపోతే పెనాల్టీ నెలకు అర శాతం. అసలు వేయకపోతే నెలకు 5 శాతం, 25 శాతం దాకా పెరుగుతుంది.

ట్యాక్స్ బాకీ ఉంటే అమ్మను గ్రీన్‌కార్డ్‌కి, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతికి, స్పాన్సర్ చేయనివ్వరని బాబాయ్ అన్నాడట. అలాంటి రూలేమీ లేదమ్మా. పెద్ద బాకీని పట్టించుకోకుండా వదిలేస్తే పాస్‌పోర్ట్ ఆపే చట్టం 2015లో వచ్చింది, ఆయన విన్నది అదే అయ్యుంటుంది. నా బాకీ అంత లేదు.

నీ విషయంలో ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది నా ఆదాయం. ఐ-864 అనే ఫారంలో నిన్ను పోషిస్తానని సంతకం చేసి, కిందటేడు రిటర్న్ జత చేయాలి. నువ్వొచ్చాక నలుగురం కదా, ఈ ఏడాది, 2025 లెక్కన 40,187 డాలర్ల ఆదాయం ఉంటే చాలు. అది ఉంది. కానీ గత మూడేళ్ల రిటర్న్‌లు వేశావా అని అదే ఫారం అడుగుతుంది. అబద్ధం రాయలేను, నిజం రాయలేను. ఏడాదిగా నేను ఆగిపోయింది అక్కడే.

ఇంకో తమాషా చూడు. ఖర్చులు బాగా చూపిస్తే ట్యాక్స్ తగ్గుతుందని ఇక్కడ చాలామంది సలహా ఇస్తారు. అలా చూపిస్తే ఆదాయమూ తగ్గిపోయి, రేపు నీ ఫారం దగ్గర చాలకుండా పోతుంది. అందుకే ఉన్నది ఉన్నట్టే చూపించాను.

జూన్‌లో పాత రిటర్న్ వేసేశాం. నెలవారీ వాయిదాలకు ఇక్కడి ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ వాళ్లు ఆన్‌లైన్‌లోనే ఒప్పుకున్నారు. నెలకు 350 డాలర్లు కడుతున్నాను. ఆ ఒప్పందం కాగితం, కట్టిన రసీదులు అడిగితే చూపించడానికి నీ ఫైల్‌లోనే పెట్టాను. సిటిజన్ల తల్లిదండ్రులకు ఏటా ఇన్నే అనే కోటా లేదు కాబట్టి పిన్ని వాళ్ల అన్నదమ్ముల కేసులా ఏళ్లకేళ్లు క్యూలో ఉండక్కర్లేదు. వీసా ఇంటర్వ్యూకి మాత్రం ముంబైకో ఢిల్లీకో వెళ్లాల్సి ఉంటుంది.

అన్నట్టు, ఆ సంతకం ఉత్తిది కాదు. నువ్వు ఇక్కడ సిటిజన్ అయ్యేదాకానో, పదేళ్ల పాటు పని చేసేదాకానో నీ భారం నాదేనని గవర్నమెంట్‌కి రాసిస్తున్నాను. నా మీద అలిగినా లాభం లేదు.

ఇప్పుడు నీ పని. బీరువాలో నా బర్త్ సర్టిఫికెట్ తీసి, అందులో నీ పేరు ఇంటిపేరుతో ఉందో లేదో చూడు. నీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా చెప్పు. రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. బాబాయ్‌కి మాత్రం వాయిదాల సంగతి చెప్పకు.

నీ
చిన్ని