సహజ రంగు అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

చాలాకాలం రసాయన రంగులతోనే పనిచేసిన వస్త్ర కళాకారిణిని నేను. ఇటీవల మళ్లీ చెక్క అచ్చులూ సహజ రంగులూ చేతబట్టాను. 1856లో విలియం పెర్కిన్ మావ్ అనే కృత్రిమ రంగును కనుగొన్నాక, 1897లో కృత్రిమ నీలిమందు మార్కెట్‌లోకి వచ్చాక, వేళ్లూ ఆకులూ బెరళ్లూ ఇచ్చే రంగులు క్రమంగా మరుగునపడ్డాయి. పని సులువైంది, నిజమే.

కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరబెట్టిన నూలుగుడ్డపై పటిక ద్రావణంతో అచ్చువేసి, మంజిష్ఠ వేరుతో ఉడికిస్తే, పటిక పడినచోట ఎరుపు గాఢంగా నిలుస్తుంది; అదే అచ్చును బెల్లం నీటిలో తుప్పు ఇనుమును ఊరబెట్టిన ద్రావణంతో వేస్తే నలుపు తేలుతుంది. నీలిమందు తొట్టిలోంచి ఆకుపచ్చగా పైకి వచ్చిన గుడ్డ గాలి తగిలి నీలంగా మారే ఆ కొద్ది నిమిషాలను ఇన్నేళ్లూ ఎలా వదులుకున్నానో అనిపిస్తుంది.

అయితే సహజమన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. రంగు పట్టించడానికి కొందరు వాడే రాగి, క్రోమియం లవణాలు నీటికి హాని చేస్తాయి. కాబట్టి అమ్మేవారు రంగు పేరుతోపాటు దాన్ని పట్టించిన లవణం పేరునూ చీటీపై రాసేలా, మీ పత్రిక ఈ విషయంపై వివరమైన వ్యాసం ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వస్త్ర కళాకారిణి