బెట్టింగ్ వార్తతో పాటు ఆ లెక్క కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఐపీఎల్ వచ్చిందంటే చాలు, జిల్లా పేజీలో 'బెట్టింగ్ రాయుళ్ల అరెస్టు' వార్తలు వరుసకడతాయి. ఎన్ని ఫోన్లు దొరికాయి, ఎంత నగదు పట్టుకున్నారు, సీఐ గారు ఏమన్నారు, అన్నీ రాస్తారు. ఆ డబ్బు అసలు ఎలా పోతుందో మాత్రం రాయరు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. 'గుడ్డిగా పెట్టేవాళ్లే పోగొట్టుకుంటారు సార్, పిచ్ చూసి, టాస్ చూసి, లిమిట్ పెట్టుకుని డిసిప్లిన్‌గా పెడితే ఏం కాదు' అని క్లాసులో బాగా చదివేవాళ్లే అంటుంటే నాకు భయమేస్తోంది.

ఎవరు గెలుస్తారన్నది కాదు వాళ్లు ఆలోచించాల్సింది, పందెం కట్టించుకునే బుకీ ఇచ్చే రేటుకు గిట్టుబాటవుతుందా అని. రెండు జట్లూ సమానం అనుకుందాం, రెండింటికీ 1.90 రేటు ఇచ్చాడు, అంటే 100 పెట్టి గెలిస్తే చేతికొచ్చేది 190. 100 పెట్టి గెలిస్తే లాభం 90, ఓడితే పోయేది 100. ఇలా 100 పందేలు కాసి సగం గెలిచినా 500 పోయినట్టే. నష్టం లేకుండా బయటపడాలంటేనే 100కి 53 గెలవాలి. పిచ్ గురించి, ఫామ్ గురించి మనకు తెలిసినదంతా రేటు కట్టేవాడికీ తెలుసు, అది అప్పటికే ఆ రేటులో కలిసిపోయి ఉంటుంది. ఇక లిమిట్ అంటారా, దానివల్ల పోయేది కాస్త నెమ్మదిగా పోతుంది, అంతే.

అందరూ చెప్పుకునే 'డబుల్' పద్ధతి ఇంకా ఘోరం. పోయిన ప్రతిసారీ రెట్టింపు పెడితే ఒక్క గెలుపుతో అంతా తిరిగొస్తుందంటారు. 100, 200, 400, 800 వరసగా పోయాయనుకోండి, మొత్తం 1500. ఐదోసారి 1600 పెట్టి గెలిచారు. 1.90 రేటుకు లాభం 1440. గెలిచి కూడా 60 రూపాయలు తక్కువే! బోర్డు మీద ఈ లెక్క వేసినప్పుడు క్లాసు కాసేపు ఒక్క మాట మాట్లాడలేదు.

నిలకడగా గెలిచేవాళ్లు అసలు లేరా అంటే ఉంటారు, చాలా కొద్దిమంది. సొంతంగా అంచనా కట్టి, దానికి రేటు కలవకపోతే ఎన్ని మ్యాచ్‌లైనా ఊరుకునేవాళ్లు. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న కంపెనీలే అలాంటివాళ్లను కనిపెట్టి ఇంతకు మించి కాయకూడదని కట్టడి చేస్తాయి. మరి బంతి బంతికీ రేటు మారుతుంటే, పదహారో ఓవర్లో సిక్స్ పడగానే క్షణాల్లో ఫోన్లో పందెం నొక్కేసే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఏం అంచనా కడతాడు, ఎంత నిగ్రహం చూపిస్తాడు? అందులోనూ అప్పటికే ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి ఉంటే?

2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందేల మీద చట్టాలు మార్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అవి ఉండాల్సిందే. కానీ తను తెలివిగా ఆడుతున్నానని నమ్మేవాడు నిషేధాన్ని చూసి ఆగడు, ఫోన్లో ఇంకో దారి వెతుక్కుంటాడు. లెక్క కళ్లముందు పెడితే కొందరైనా ఆగుతారని నా నమ్మకం.

అందుకే అడుగుతున్నాను. వచ్చే సీజన్లో స్పోర్ట్స్ పేజీలో మ్యాచ్ ప్రివ్యూ పక్కన చిన్న బాక్స్ కట్టి రోజుకొక లెక్క వేయండి, మా పిల్లలు ముందు తిప్పేది ఆ పేజీయే. లెక్కలు తయారుచేసి పంపడానికి నేను సిద్ధం, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.

- ఒక లెక్కల లెక్చరర్, తెనాలి