ఇకపై పాత సీలెంట్ మీద కొత్తది పూయం

మా షెడ్‌లో క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకుని ప్రయాణించేలా మార్చిన వ్యాన్) చేయించుకున్నవాళ్లకీ, బయట చేయించుకుని రిపేర్‌కి మా దగ్గరికి వస్తున్నవాళ్లకీ ఒక మాట. రూఫ్ లీకేజీ పని ఇక ఒక్కరోజులో చేసివ్వం. బండి మూడు రోజులు మా దగ్గర వదలాలి. ఖర్చూ పెరుగుతుంది. ఎందుకో మీకు తెలియాలి.

ట్రావెలర్ వ్యాన్ అయినా వింగర్ అయినా, లీకేజీ ఎక్కువగా రూఫ్‌ని తర్వాత కోసిన చోటే మొదలవుతుంది. రూఫ్ ఫ్యాన్ చుట్టూ, సోలార్ బ్రాకెట్ల స్క్రూల దగ్గర, వైర్లు లోపలికి దిగేచోట. హైదరాబాద్ మే ఎండకి రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఘాట్ రోడ్డు కుదుపులు దానికి తోడు. సీలెంట్ అంటే జాయింట్లలో నీళ్లు దిగకుండా పూసే జిగురు, ఆ కదలికతో పాటు సాగినన్నాళ్లే అది నీళ్లు ఆపుతుంది. రాయిలా గట్టిపడే ఎం-సీల్ అక్కడ నిలవదు, పగులుతుంది.

పాత సీలెంట్ అంచు లేచిందంటే కింద దుమ్ము, తేమ చేరినట్టే. దాని మీద ఇంకో ట్యూబ్ పూస్తే, కొత్తది పట్టుకునేది ఊడిపోతున్న పాతదాన్ని, రేకుని కాదు. కొన్నాళ్లు కారకపోవచ్చు. లోపల తుప్పు మాత్రం తింటూనే ఉంటుంది, సీలింగ్ ప్లైవుడ్ ఉబ్బేదాకా బయటపడదు. అంతకుముందు ఎవరైనా సిలికాన్ పూసి ఉంటే మరీ కష్టం. దాని జిడ్డు పొర మిగిలితే పెయింటు, పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ ఏదీ సరిగా అంటదు. దయచేసి రూఫ్ మీద సిలికాన్ వాడొద్దు.

అందుకే పాతదంతా గీకేసి, తుడిచి, కోసిన అంచులకి ప్రైమర్ కొట్టి, ఫ్యాన్ ఫ్రేమ్ కింద బ్యూటైల్ టేప్ (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) వేసి, చుట్టూ ఎండకి తట్టుకునే పీయూ సీలెంట్ పెడతాం. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకి సుమారు మూడు మిల్లీమీటర్ల లోతు. పైన పొర కట్టినా లోపల పచ్చిగా ఉంటుంది కాబట్టి బండి కదలకూడదు. ఆరాక పైపుతో కింది నుంచి పైకి ఒక్కో జాయింటూ తడిపి చూస్తాం. చుక్క పడేచోటే కంత ఉంటుందనుకోకండి. నీళ్లు సీలింగ్ లోపల పాకి ఎక్కడో లైటు దగ్గర దిగుతాయి.

చలికాలం లంబసింగి, అరకు వెళ్లొచ్చి లీకేజీ అంటూ ఫోన్ చేసేవాళ్లున్నారు. వాన లేకుండా తెల్లారేసరికి రేకంతా చెమ్మగా ఉంటే అది చాలావరకు మీ ఊపిరి తేమే. నిద్రపోయేటప్పుడు ఫ్యాన్ కాస్త తెరిచి ఉంచండి. దానికి సీలెంట్ పని చేసి డబ్బులు తీసుకోం.

మీరు చేయగలిగింది కూడా ఉంది. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి నిచ్చెన వేసుకుని చూడండి, రూఫ్ మీద కాలు పెట్టక్కర్లేదు. ఆకులు తీసేయండి, సీలెంట్‌ని బొటనవేలితో నొక్కండి. పగుళ్లు కనబడినా, అంచు కదిలినా ఫోటో తీసి మాకు పంపండి. జాయింట్ల మీద ప్రెషర్ వాషర్ కొట్టొద్దు, థిన్నర్‌తో తుడవొద్దు.

ఖర్చెంతో బండి చూశాకే చెబుతాం. ఒప్పుకున్నాక పెంచం, లోపల తుప్పు కనబడితే పని ఆపి ముందు మీకు ఫోన్ చేస్తాం. జూన్ రెండో వారానికల్లా మనకి రుతుపవనాలు వచ్చేస్తాయి, వీలైతే మేలోనే తీసుకురండి. తడి రేకు మీద పని మొదలుపెట్టం. వానల్లో వస్తే షెడ్‌లో ఆరడానికి ఇంకో రోజో రెండ్రోజులో పడుతుంది.