శుక్రవారం శుభాకాంక్షలు, ఆదివారం మౌనం

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏప్రిల్ 3వ తేదీ పొద్దున్నే మా ఊరి బస్టాండు సెంటర్లో ఒక ఫ్లెక్సీ వెలిసింది. నిలువెత్తు నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. పక్కన సిలువ, పావురం, నాలుగు బెలూన్లు. కింద పెద్దక్షరాలతో 'క్రైస్తవ సోదర సోదరీమణులకు గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు'. పదకొండున్నరకు మేము, తెల్లచీరలు కట్టుకుని, అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని ఆడవాళ్ళం, దాని కిందుగానే, సిలువ మీద ఏసు చనిపోతూ పలికిన ఏడు మాటల ఆరాధనకు నడిచి వెళ్ళాం. మూడు గంటలకు బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే వరసగా 'హ్యాపీ గుడ్ ఫ్రైడే'లు. పంపిన వాళ్ళంతా నా మంచి కోరేవాళ్ళే. "చావింటికి స్వీటు డబ్బా తెచ్చినట్టుంది కదా" అంది మా వదిన. గుళ్ళోంచి అప్పుడే వస్తున్నామని కూడా చూసుకోకుండా నవ్వేశాను.

ఈ పొరపాటులో సగం మా అనువాదానిదే. బళ్ళో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో ఆ 'గుడ్' అనే మాటకు వెనకట 'పవిత్రమైన' అనే అర్థం ఉండేది. దాన్ని మనం 'శుభ శుక్రవారం' చేసుకున్నాం. 'శుభ' అన్నాక 'ఆకాంక్షలు' వచ్చి తగులుకోకుండా ఉంటాయా! మిగతా సగం క్యాలెండర్‌ది. సెలవు శుక్రవారానికి, ఎర్రంకె శుక్రవారానికి. ఆదివారం ఎలాగూ ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఆ అంకె మీద ఏసు తిరిగి లేచిన ఈస్టరు పండుగ ఉందని ఎవరికీ తట్టదు. 2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజని, ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకు శాఖలను ఆ ఆదివారం తెరిచే ఉంచారు.

ఏసు చనిపోయిన రోజుకు శుభాకాంక్షలు చెప్పి, తిరిగి లేచిన రోజున ఊరుకోవడం, నా ఫిర్యాదు ఇదీ. మొన్న ఏప్రిల్ 5న ఈస్టరు నాడు అదే సెంటర్లో అదే ఫ్లెక్సీ ఉంది, శుక్రవారం అక్షరాలతోనే. పత్రికల్లో చూద్దామంటే కొవ్వొత్తుల ఫొటో ఒకటి, దాని కింద రెండు లైన్లు.

మాకు అసలు పండుగ అదే. క్రిస్మస్ కన్నా పాతది కూడా. డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని లెక్కకట్టినట్టు రోములో దొరికే తొలి దాఖలా 336 నాటిది. ఈస్టరు ఏ రోజున చేయాలన్న తగువు రెండో శతాబ్దంలోనే మొదలైంది. అందరూ ఒకే ఆదివారం చేయాలని 325లో నిసియాలో కూడిన క్రైస్తవ పెద్దల సభ తీర్మానించింది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం అని లెక్క. ఉగాదిలాగే చంద్రుణ్ణి చూసుకుని నడిచే పండుగ. ఈసారి చైత్ర పౌర్ణమి వెళ్ళిన ఆదివారమే వచ్చింది.

క్రీస్తు లేవకపోయి ఉంటే మా విశ్వాసమంతా వ్యర్థమని తొలినాటి సువార్త బోధకుడు పౌలు కొరింథు ఊరి క్రైస్తవులకు దాపరికం లేకుండా రాశాడు. పుట్టుక ఎవరికైనా ఉంటుంది, చావూ ఉంటుంది. ఆదివారం సంగతే వేరు. చావుది ఆఖరి మాట కాదని చెప్పేది ఆ రోజే. ఆ కబురు ముందు అందింది ఆడవాళ్ళకు. తెల్లవారుజామున సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి బయల్దేరారు. ఆ రాయి మనకెవరు దొర్లించిపెడతారని దారి పొడుగునా మాట్లాడుకున్నారని మార్కు సువార్త చెబుతుంది. ఇది చదివినప్పుడల్లా నాకు మా ఆడవాళ్ళే కళ్ళముందు కనబడతారు. దేవుడి పని మీద పోతూ కూడా బరువెవరు మోస్తారని లెక్కేసుకునే రకం! తీరా వెళ్తే రాయి దొర్లించేసి ఉంది. వాళ్ళలో ఒకరైన మగ్దలేనే మరియకు ఏసు ఎదురుపడితే తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిస్తేనే గుర్తుపట్టింది. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యానికి విలువ తక్కువ. వీళ్ళు పరుగున వచ్చి చెప్తే ఏసు ముఖ్య శిష్యులైన అపొస్తలులకు అవి 'వెర్రిమాటలు'గా కనిపించాయని లూకా సువార్తలో ఉంది.

అందుకే మా వైపు ఈస్టరు గుళ్ళో కాదు, సమాధుల దగ్గర తెల్లవారుతుంది. శనివారం సమాధులకు సున్నం వేస్తాం. ఆదివారం చీకటితోనే మల్లెపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తాం. కొందరు అగరుబత్తులూ వెలిగిస్తారు, పాస్టరుగారు చూసీచూడనట్టు ఉంటారు. మా అమ్మ సమాధి రాతి మీద 'ప్రభువునందు నిద్రించెను' అని ఉంటుంది. ఏటా నల్లరంగుతో ఆ అక్షరాలు దిద్దడం మా మనవడి పని. ఈసారి వాడు 'నిద్రించెను' దగ్గర ఆగి, "నిద్రపోతే లేస్తారుగా తాతమ్మ?" అన్నాడు. ఇంగ్లీషులో శ్మశానానికున్న 'సెమెటరీ' అనే మాట కూడా నిద్రపోయే చోటు అనే గ్రీకు మాటలోంచే వచ్చింది. తెలుగు ఇంకో మెట్టు ఎక్కింది. నిద్రలోంచి లేచినా, సమాధిలోంచి లేచినా మనకు ఒకటే క్రియ. ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పిన నేను అది గమనించలేదు, రంగు డబ్బా పట్టుకున్న పిల్లాడు గమనించాడు.

ఇక మున్సిపాలిటీ వారికి. ఆ సమాధుల తోటలో సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. కుళాయి లేదు. సున్నం కలపడానికి బిందెల్లో నీళ్ళు మోపెడ్ల మీద తెచ్చుకున్నాం. స్తంభం ఉంది, దానికి బల్బు లేదు. సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని వెళ్తుంటే కూలిన ప్రహరీ రాళ్ళు తగిలి ఒక పెద్దావిడ మోకాలు చితికింది. ఆమె మొగుడి సమాధి ఇంకో పదడుగుల దూరంలో ఉంది. ముందు అక్కడ కొవ్వొత్తి వెలిగించాకే కట్టు కట్టించుకుంది. మాకొక్కళ్ళకే అడుగుతున్నానని అనుకోవద్దు. అవతలి హిందూ శ్మశానానికీ, ఖబరస్తాన్‌కూ ఇదే గతి. మూడిటికీ కలిపి వారం రోజుల పని.

ఫ్లెక్సీలు వేయించే నాయకులకు, ఆ శుభాకాంక్షలు రెండు రోజులు ఆగి చెప్పండి, సంతోషంగా తీసుకుంటాం. బెలూన్లు కూడా ఉంచుకోవచ్చు. మీ పత్రికకు మనవి, శుక్రవారానికి ఇచ్చే చోటులో సగమైనా ఆదివారానికి ఇవ్వండి.

వచ్చే ఏడాది ఈస్టరు మార్చి 28న. దాదాపు ఏడాది గడువుంది. తెల్లవారుజామున నాలుగింటికల్లా మేము గేటు దగ్గర ఉంటాం. తుమ్మ కొట్టించడం ఈలోగా కాకపోతే కనీసం ఆ స్తంభానికి బల్బు పెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితురాలు,
గుంటూరు జిల్లా